జేబులో పెప్రె

కొత్త ఫోన్ డబ్బాలోంచి తీసినప్పుడే దానికి ఒక గొంతు ఉంటుంది. ఆ గొంతు మనం ఎంచుకున్నది కాదు, ఎక్కడో కంపెనీ వాళ్లు పెట్టి పంపింది. ఉట్నూరు అంగడిలో ఒక్కసారి గమనించండి. ఎవరి ఫోనో మోగుతుంది, పదిమంది జేబులు తడుముకుంటారు. మొక్కజొన్న మూట పక్కన పెట్టి ఒకరు, పిల్లను చంక దించి ఒకరు, చీర కొంగు ముడి విప్పి ఒకరు. అందరి ఫోన్లదీ ఒకే కూత. మోగింది తమది కాదని తెలిశాక మళ్లీ ఎవరి బేరం వాళ్లది.

ఆ కూతలకూ ఒక ఊరు ఉంటుంది. పాత నోకియా ఫోన్లలో వినబడిన ఆ చిన్న వరస మన పెద్దలందరికీ తెలుసు. అది ఫ్రాన్సిస్కో తారెగా అనే స్పెయిన్ దేశపు గిటారు వాద్యకారుడు 1902లో కట్టిన ఒక వాల్ట్జ్ నాట్యపు సంగీతంలోని ముక్క. కంపెనీ వాళ్లు 1990లలో అందులోంచి కొన్ని స్వరాలు కోసుకుని ఫోన్‌లో పెట్టారు. ఇంద్రవెల్లిలో, జైనూరులో, నార్నూరులో మోగింది ఒక స్పెయిన్ మనిషి సంగీతమన్న మాట. అందులో తప్పేమీ లేదు, మంచి వరసే. కానీ అది తెలిసినప్పుడు మాకు ఒక ఆలోచన వచ్చింది. ఆయన గిటారు మన జేబులోకి రాగలిగినప్పుడు మన పెప్రె ఎందుకు రాకూడదు?

మేమంటే ఉట్నూరు ఏజెన్సీ వైపు నలుగురైదుగురం కోయితూర్లం. ఇద్దరం బడిలో పాఠాలు చెబుతాం, మిగతావాళ్లం చదువుకుంటున్నాం. రింగ్‌టోన్లు చేయడం మాకు సరదాగా మొదలు కాలేదు. మాలో ఒకరి అమ్మమ్మకు, అంటే మన మాటలో కాకోకు, అక్షరాలు రావు. ఆమెకు ఫోన్ కొనిచ్చారు. పచ్చ గుర్తు నొక్కితే మాట్లాడొచ్చని నేర్చుకుంది. కానీ ఎవరు పిలుస్తున్నారో తెలియదు. తెర మీద పేరు ఉంటుంది, ఆమె చదవలేదు. అప్పు ఇప్పిస్తామనేవాళ్లు, బహుమతి వచ్చిందనేవాళ్లు, బ్యాంకు నుంచి అంటూ నంబర్లు అడిగేవాళ్లు అందరూ అదే కూతతో వస్తారు. దాంతో ఆమె ఫోన్ ఎత్తడమే మానేసింది. ఆసిఫాబాద్‌లో ఉన్న కొడుకు పిలిచినా ఎత్తలేదు.

ఫోన్‌లో ఒక్కో మనిషికి ఒక్కో టోన్ పెట్టే వీలు ఎప్పటినుంచో ఉంది. చదువు వచ్చినవాళ్లకు దాని అవసరం పెద్దగా లేదు, పేరు చదువుకుంటారు. చదువు రానివాళ్లకు మాత్రం అదే పేరు. కొడుకుకు డోలు దెబ్బ, కూతురికి పెప్రె, ఆశా కార్యకర్తకు గంట, తెలియని నంబరుకు కంపెనీ కూత. ఇలా పెట్టిన తరువాత కాకో కంపెనీ కూత వినబడితే చెయ్యి కూడా కదపదు. పెప్రె మోగితే మాత్రం పొయ్యి దగ్గరనుంచైనా లేచి వస్తుంది. పిలిచే మనిషి పేరును ఫోన్ గట్టిగా చదివే సదుపాయం ఇప్పుడు కొన్ని ఫోన్లలో ఉంది, నిజమే. కానీ ఆ గొంతు మన పేర్లను పలికే తీరు వింటే కన్నకొడుకు పేరు కూడా ఎవరిదో అనిపిస్తుంది. శబ్దానికి ఆ బాధ లేదు.

ఒక ఇంట్లో ఇది పనిచేసిందని తెలియగానే ఇంకో ఇంటివాళ్లు అడిగారు. అప్పుడే అసలు ప్రశ్న ఎదురైంది. ఏ శబ్దం పెట్టాలి? ఎవరి దగ్గర తీసుకోవాలి?

ఇంటర్‌నెట్‌లో వెతికితే మన వాద్యాలు దొరకవని కాదు. దండారి వీడియోలు బోలెడు. మార్లవాయి కనక రాజుకు 2021లో పద్మశ్రీ వచ్చిన తరువాత గుస్సాడీ పేరు మన జిల్లా దాటి అందరికీ తెలిసింది. ఆయన 2024లో వెళ్లిపోయారు, ఆయన ఆట మాత్రం ఫోన్లలో తిరుగుతూనే ఉంది. కానీ ఆ వీడియోల శబ్దం చాలావరకు పది చేతులు మారి వచ్చింది. చేయి మారిన ప్రతిసారీ కొంచెం పలచబడుతుంది. పైన ఎవరో మైకులో మాట్లాడుతుంటారు, వెనక ఈలలు. వాయించినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. మా ఊళ్లోనే, మా పక్క ఊళ్లోనే వాయించేవాళ్లు ఉండగా ఎవరో ఎత్తిపెట్టిన ముక్కను దింపుకోవడం మాకు నచ్చలేదు. వాళ్ల దగ్గరికే వెళ్లాం.

ముందు పెప్రె, డోలు వాయించే ఒక పర్ధాన్ పెద్ద ఇంటికి పోయాం. చాప వేసి కూర్చోబెట్టాడు, చాయ్ ఇప్పించాడు. మేము చెప్పింది మొత్తం విన్నాడు. వినీ వినీ ఒక మాట అడిగాడు. ఆయన గోండీలో అన్నదానికి తెలుగు ఇది: "డోలు నేను ఎప్పుడు పడితే అప్పుడు వాయించను. మీ ఫోన్ ఎప్పుడు పడితే అప్పుడు మోగుతుంది. మరి ఎట్లా?"

ఆ ప్రశ్నకు ఫోన్‌లో ఏ మీటా లేదు. దండారి వాద్యాలను అటక మీదినుంచి ఊరికే దించరు. దీపావళి ముందర పూజ చేసి బయటికి తీస్తారు. గుస్సాడీ నెమలి ఈకల కిరీటం పెట్టుకున్నాక ఆ రోజులన్నీ స్నానం చేయకుండా నియమం పాటిస్తాడు. కొందరు గోదావరి ఒడ్డున గుడిరేవులో పద్మల్‌పురి కాకో దగ్గరికి పోయి మొక్కి వస్తారు. అన్నీ అయ్యాక కోలాబోడితో ముగించి వేషం విప్పుతారు. ఇంత కట్టుబాటు మధ్య పుట్టిన దెబ్బ వేసవి మధ్యాహ్నం బస్టాండులో, మూత్రశాల ముందు, లోన్ కట్టమని పిలిచేవాడి కోసం మోగితే ఎట్లా అని ఆయన అడిగాడు. చాదస్తం అని తోసేయగల మాట కాదు. చర్చిలోనో గుడిలోనో గంటను ఎవరైనా ఊరికే కొడితే ఆ మతంవాళ్లు ఊరుకుంటారా?

చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆయనే విడదీసి చెప్పాడు. చావుకు వాయించే దెబ్బ వద్దు. అది ఫోన్‌లో మోగితే ఇంట్లో ముసలివాళ్ల గుండె ఆగుతుంది. పెర్సాపేన్ ముందు వాయించేది వద్దు. అది ఆ గోత్రంవాళ్లది, నాదీ కాదు నీదీ కాదు అన్నాడు. గుస్సాడీని పిలిచే దెబ్బ దీపావళి రోజుల్లో పెట్టుకుంటే పెట్టుకోండి, కోలాబోడి అయిన రోజు తీసేయండి. పెళ్లి దెబ్బ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు, అది సంతోషం. ఆఖరుకు నవ్వుతూ, "ఫోన్ మోగినప్పుడల్లా పెళ్లివాళ్లు వచ్చారనుకుంటారు, మంచిదే కదా" అన్నాడు.

మీ ఊరి పెద్ద ఇదే చెప్పాలని లేదు. ఇది ఒక ఊళ్లో ఒక పెద్ద చెప్పింది. ఇంకో చోట అసలే వద్దనవచ్చు, లేదా దేనికైనా సరే అనవచ్చు. భద్రాచలం వైపు కోయలు డోలీ గురించి వాళ్ల పెద్దలను అడగాలి. అరకు వైపు ధింసా ఆడేవాళ్లకు మోరీ, కిరిడి, తుడుము, జోడుకొమ్ములు ఉన్నాయి, వాటి సంగతి వాళ్లకే తెలుసు. మేము చెప్పగలిగింది ఒక్కటే, అడిగినందుకు మాకు ఏ బడిలోనూ దొరకని పాఠం దొరికింది. ఏ దెబ్బ ఏ వేళకు అని మాలో డిగ్రీ చదివినవాళ్లం కూడా అంత వరకు విడదీసి వినలేదు. మాకు అన్నీ "డోలు" అనే ఒక్క మాటే.

ఇక రికార్డు చేయడం. ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాం, ఎందుకంటే చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు.

డోలు ఎదురుగా కూర్చుని ఫోన్‌తో రికార్డు చేసి వింటే డోలు ఉండదు. టక్ టక్ అని తలుపు తట్టినట్టు ఉంటుంది. రికార్డు చెడిపోలేదు. అదే ముక్కను మంచి సౌండ్ బాక్సులో పెట్టి వింటే గుండెకు తగిలే ఆ లోతు అక్కడ ఉంటుంది. లోతైన శబ్దం రావాలంటే స్పీకర్ చాలా గాలిని కదపాలి. ఫోన్‌లో ఉండే స్పీకర్ గోరంత. అది గాలిని ఏం కదుపుతుంది? అందుకే డోలులో పైపొర మాత్రమే, అంటే పుల్ల తగిలిన చప్పుడు మాత్రమే మిగులుతుంది. పెప్రె అట్లా కాదు. సన్నాయి జాతి వాద్యం కాబట్టి దాని గొంతు ఫోన్ స్పీకర్‌కు సరిగ్గా సరిపోతుంది, అంగడి గోలలో కూడా చీల్చుకుని వినబడుతుంది. తుడుం కొంత నయం. కిక్రి మెత్తగా వస్తుంది, నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో బాగుంటుంది, బస్సులో వినబడదు. కాలికోం అయితే ఉలిక్కిపడేట్టు చేస్తుంది, గాఢనిద్ర పోయేవాళ్లకు పనికొస్తుంది.

డోలునే కావాలనుకునేవాళ్లకు ఒక దారి ఉంది. డోలును ఒంటరిగా కాకుండా పెప్రెతో కలిపి రికార్డు చేయాలి. పెప్రె చెవిని పట్టుకుంటుంది, డోలు నడక వెనక తెలుస్తుంది. లోతు లేకపోయినా నడక తెలిస్తే మన చెవి మిగతాది తనే నింపుకుంటుంది. డోలు విని పెరిగిన చెవి కదా.

ముసలివాళ్ల కోసం చేసేటప్పుడు ఇంకో సంగతి ఉంది. వయసు పెరిగేకొద్దీ ముందు పోయేది సన్నని, ఎత్తైన శబ్దాలు వినే శక్తి. కంపెనీ కూతల్లో చాలావరకు ఆ కిచకిచలే. అందుకే పక్కనే ఫోన్ మోగుతున్నా తాత పలకడు, మనం విసుక్కుంటాం. మరీ లోతైనది ఫోన్ పలకలేదు, మరీ సన్ననిది తాత వినలేడు. రెంటికీ మధ్యలో ఉన్నదే ఆయనకు పెట్టాలి. పెప్రెలో కింది స్వరాలు వాయించే చోటు, మనిషి గొంతు, తుడుం అంచు దెబ్బ, ఇవి ఆ మధ్యలో ఉంటాయి. రెండు మూడు టోన్లు చేసి, పక్క గదిలో ఫోన్ పెట్టి మోగించి, ఏది విని ఆయన తల తిప్పుతాడో చూసి అది పెట్టండి. కళ్లజోడు కొనేటప్పుడు అద్దాలు మార్చి మార్చి చూపించినట్టే.

ఫోన్‌ను వాద్యానికి ఆనించి పట్టుకోకండి. పెప్రెకైతే పది పదిహేను అడుగుల దూరం కావాలి, లేకపోతే శబ్దం పగిలి గరగర వస్తుంది. గాలి ఉంటే మైకు రంధ్రం మీద పలచటి నూలు గుడ్డ ఒక పొర వేయండి. నేల మీద పెట్టకండి, డోలు అదురు నేలలోంచి వస్తుంది. స్టూలు మీద మడత దుప్పటి వేసి దాని మీద పెట్టండి. రికార్డు చేసే యాప్‌లో గోల తగ్గించే సదుపాయం ఉంటే ఆపేయండి. అది మనిషి మాటల కోసం చేసింది. సాగదీసిన పెప్రె ఊపిరిని అది ఫ్యాను చప్పుడు అనుకుని నొక్కేస్తుంది. కోళ్లు, కుక్కలు, పక్కింటి టీవీ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మేము చేసిన ఒక టోన్‌లో ఆఖరున కోడి కూసింది. అందరూ అదే కావాలని అడిగారు.

కోసేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది సమయం. 2019 నవంబరులో ట్రాయ్ ఒక నియమం పెట్టింది. ఎవరూ ఎత్తకపోతే మొబైల్ 30 సెకన్లు, ల్యాండ్‌లైన్ 60 సెకన్లు మోగాలని. కాబట్టి మన దగ్గర ఉన్నది 30 సెకన్లే. దండారి వాద్యం మెల్లగా మొదలై పోను పోను ఊపందుకుంటుంది. మొదటినుంచి పెడితే ఊపు వచ్చేలోగా పిలుపు ఆగిపోతుంది. మధ్యలో ఊపు అందుకున్న చోటునుంచి 25 సెకన్లు తీసుకోండి. మొదలు సరిగ్గా దెబ్బ మీద పడాలి, ముందు అర సెకను ఖాళీ కూడా ఉండొద్దు. పొలంలో గట్టు మీద పెట్టిన ఫోన్ దగ్గరికి నడిచి రావాలంటే ప్రతి సెకనూ అవసరమే. పెప్రె ఊపిరి మధ్యలో మాత్రం తెంపకండి. వాయించేవాడు ఊపిరి తీసుకునే చోటు వెతికి అక్కడ కోయండి. దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ వద్దు. పాటను కత్తిరించే ఉచిత యాప్‌లు ఫోన్‌లోనే దొరుకుతాయి. బడిలో కంప్యూటర్ ఉంటే ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాం ఇంకా మంచిది, శబ్దం అలలుగా కంటికి కనబడుతుంది. ఎక్కడ దెబ్బ, ఎక్కడ ఊపిరి అన్నది చూసి కోయొచ్చు.

పెట్టడం సులువే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆ ఫైలును రింగ్‌టోన్స్ అనే ఫోల్డర్‌లో వేస్తే సెట్టింగ్స్‌లో సౌండ్ కింద టోన్ల జాబితాలో కనబడుతుంది. ఒక్క మనిషికి పెట్టాలంటే కాంటాక్ట్స్‌లో ఆ మనిషి పేరు తెరిచి, మూల ఉన్న మూడు చుక్కలు నొక్కితే రింగ్‌టోన్ పెట్టమనే మాట వస్తుంది. నంబరు సిమ్‌లో దాచి ఉంటే చాలా ఫోన్లలో ఆ మాట రాదు, ఫోన్‌లోకి మార్చుకోవాలి. వాట్సాప్ పిలుపులకు వేరే, దాని సెట్టింగ్స్‌లోనే పెట్టాలి. ఫైలు మెమరీ కార్డులో ఉంటే, కార్డు తీసిన రోజు కంపెనీ కూత మళ్లీ వస్తుంది. కీప్యాడ్ ఫోన్లలో కూడా కార్డులో ఎంపీ3 వేసి టోన్‌గా పెట్టుకునే వీలు చాలావాటికి ఉంది. అంగడిలో పాటలు ఎక్కించే షాపుల కాలం గుర్తున్నవాళ్లకు ఇది కొత్త కాదు.

చాలామంది దీన్నీ కాలర్ ట్యూన్‌నూ ఒకటే అనుకుంటారు. కాలర్ ట్యూన్ మనల్ని పిలిచేవాళ్లకు వినబడేది, అది కంపెనీ చేతిలో ఉంటుంది, చాలాసార్లు నెలనెలా డబ్బు కోసుకుంటుంది. రింగ్‌టోన్ మన ఫోన్‌లోది, మన ఫైలు, ఎవరికీ పైసా కట్టక్కరలేదు. నంబరు నొక్కితే టోన్ వస్తుందని మెసేజ్ వచ్చిందంటే అది మొదటిది. నొక్కకండి.

ఫైలు పేరు గురించి ఒక మాట. మనం ఫైలుకు ఏ పేరు పెడతామో టోన్ల జాబితాలో సాధారణంగా అదే కనబడుతుంది. "ఆడియో 0047" అని వదిలేయకండి. మేము వాయించినవాళ్ల పేరు, ఊరు, ఏ వేళ దెబ్బ అన్నది పెట్టాం. ఫైలు పది ఫోన్లు దాటిపోయినా ఆయన పేరు దానితోనే పోతుంది. ఆ పేరును గుంజాల గోండీ లిపిలో రాయాలని మాకు ఉండింది. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి అది, 2018లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. కానీ మా ఫోన్లలో కొన్నింటిలో అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వచ్చాయి. ఇప్పటికి తెలుగు అక్షరాల్లోనే పెట్టాం.

పర్ధాన్ పెద్ద తరువాత కిక్రి వాయించే ఒక తోటి దాదా దగ్గరికి పోయాం. మూడు తీగలు, ఒక కమాను. ఆ చిన్న వాద్యం మీద గోత్రాల కథలన్నీ నడిపించగల మనిషి. తోటీలు ఎంత తక్కువమంది మిగిలారో, వాళ్లలో కిక్రి పట్టేవాళ్లు ఇంకెంత తక్కువో మన జిల్లా టీచర్లకు చెప్పనక్కరలేదు. వాయించడానికి ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. అరగంట వాయించాడు, మాకు కావలసింది అర నిమిషమే. కమాను దించి, "ఇది మీ ఫోన్‌లో ఉంటుంది కదా. మరి మీ చెల్లె పెళ్లికి నన్ను పిలుస్తారా, ఫోన్‌తోనే కానిస్తారా?" అని అడిగాడు.

కోపంగా అడగలేదు. లెక్క కోసం అడిగాడు. ఒకప్పుడు పెళ్లికి, పండుగకు పిలిచి ధాన్యమో డబ్బో ఇచ్చేవాళ్లు. ఇప్పుడు డీజే వస్తుంది. డీజే మీద మాకు పగ లేదు, గోండీ డీజే పాటలకు మేమూ ఆడాం, రేపు కూడా ఆడతాం. కుర్రవాళ్లు గోండీలో పాట కట్టి పాడుతున్నారంటే భాషకు అది బతుకే. అయితే ఆ పాటల్లో డోలు దెబ్బ కంప్యూటర్‌ది. డీజే బాక్సుకు రాత్రికి వేలు ఇచ్చే ఇల్లు కిక్రికి వందలు ఇవ్వడానికి బేరమాడుతుంది. అందులో మన ఇళ్లూ ఉన్నాయి. అర నిమిషం ముక్క దాచుకుని మనిషిని వదిలేస్తే మన ఫోన్ ఒక పెట్టె అవుతుంది, అంతే. మ్యూజియంలో అద్దం వెనక ఉన్న కిక్రికీ దానికీ తేడా ఉండదు.

అందుకని మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. టోన్ కావాలని ఎవరు అడిగినా ఊరికే పంపం, వాయించినవాళ్ల నంబరు వాళ్ల అనుమతితో కలిపి పంపుతాం. టోన్ ఊరికే, మనిషిని పిలిస్తే మాత్రం ఇంత ఇవ్వాలని ముందే మాట. రికార్డు చేసిన రోజు కూలి కూడా ఇచ్చాం, పత్తి ఏరే రోజు కూలి కంటే తక్కువ కాకుండా. ఇదేమీ పెద్ద ఉద్యమం కాదు. ఇప్పటికి రెండు పెళ్లిళ్లకు దాదాను పిలిచారు. ఒకచోట డీజే కూడా ఉంది. దాదా వాయించిన గంటసేపు డీజే ఆపారు.

దాదా తన ఫోన్‌కూ టోన్ పెట్టమన్నాడు. కిక్రి పెట్టబోతే వద్దన్నాడు. "కిక్రి నా చేతిలో ఉంది, ఫోన్‌లో ఎందుకు? నాకు ఆ పాత సినిమా పాట పెట్టండి" అన్నాడు. పెట్టాం. మన యువకులకు ఇది కూడా చెప్పాలి. ఆదివాసీ అన్నందుకు ఆదివాసీ టోన్ పెట్టి తీరాలని ఎవరూ ఎవరినీ కట్టేయకూడదు. నచ్చినది పెట్టుకోవాలి. సిగ్గుపడి పెట్టుకోకపోవడం మాత్రం వేరే సంగతి.

ఆ సిగ్గు ఉంది. మాలో హైదరాబాద్ హాస్టల్లో ఉండి చదివే ఒక చెల్లె ఉంది. ఆమె ఫోన్‌లో పెప్రె టోన్ ఉంది, కానీ బస్సు నగరం చేరగానే వైబ్రేషన్‌లో పెడుతుంది. గదిలో మొదటిసారి మోగినప్పుడు తోటి అమ్మాయిలు "పెళ్లి బ్యాండా?" అని నవ్వారు. చెడ్డవాళ్లేం కాదు, వాళ్లకు తెలియదు. ఆమె చెప్పింది విని మేము గట్టిగా ఉండమని ఉపన్యాసం ఇవ్వలేదు. గదిలో ఒంటరిగా ఉండేది ఆమె, మేము కాదు. కొన్నాళ్లకు ఆమే ఒక ఉపాయం చేసింది. ఇంటినుంచి వచ్చే పిలుపులకు మాత్రం పెప్రె ఉంచి, మిగతావాటికి కంపెనీ కూత పెట్టింది. ఇప్పుడు పెప్రె మోగితే గదిలో అమ్మాయిలే "మీ అమ్మ" అని ఫోన్ అందిస్తున్నారట.

టీచర్లకు ఒక సూచన. ఆశ్రమ పాఠశాలలో పిల్లల దగ్గర ఫోన్ ఉండకూడదు, సరే. టీచర్ ఫోన్ ఉంటుంది కదా. ఒక శనివారం ఊరి శబ్దాలు ఒక్కో అర నిమిషం చొప్పున రికార్డు చేయించండి. రోకలి, ఎడ్ల మెడలో గంట, తుడుం, కాకో పిల్లను పిలిచే పిలుపు. పిల్లలు విని ఏది ఎప్పుడు వినబడుతుందో వాళ్ల భాషలో చెప్పాలి, మీరు దాన్ని తెలుగులో బోర్డు మీద రాయాలి. గోండీలో ఒక్కో చప్పుడుకు ఒక్కో మాట వస్తుంటే తెలుగు మాట కోసం మీరే తడుముకుంటారు. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్లలే ఆ రోజు టీచర్‌ను సరిదిద్దుతారు. మా బడిలో మూడో తరగతి పిల్ల ఒకతె ఎద్దు గంట విని అది ఎవరి ఎద్దో చెప్పింది. ఒక్కో ఎద్దుకు ఒక్కో గంట అన్నమాట. ఒక్కో మనిషికి ఒక్కో టోన్ అని మేము కష్టపడి నేర్చుకున్నది మన పశువుల కొట్టంలో ముందునుంచే ఉంది.

మా దగ్గర ఇప్పటికి పదకొండు టోన్లు ఉన్నాయి. అందులో ఆడవాళ్ల పాట ఒక్కటీ లేదు. దండారి రోజుల్లో, పెళ్లి పందిట్లో మన ఆడవాళ్లు చేయి చేయి పట్టుకుని పాడే పాటలు ఫోన్ స్పీకర్‌కు అన్నింటికంటే బాగా సరిపోతాయని మాకు తెలుసు, మనిషి గొంతు కదా. అడిగాం. వాళ్లు ముందు ఈ పదకొండూ వినిపించమన్నారు, విన్నారు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని, ఏ పాట ఇవ్వాలో తాము చూసుకుంటామని చెప్పారు. మగవాళ్లు వాయించేటప్పుడు మీరు వంద అడిగారు, మమ్మల్నీ అన్నీ అడగండి అని ఒక అక్క అన్నది. పత్తి ఏరడం అయ్యాక రమ్మన్నారు.